మా కాక దీపం వద్దన్న రోజు

మొన్న మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్‌కు లోకల్ రైల్లో వస్తుంటే ఎదురు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోనులో తలలు దూర్చి నవ్వుతున్నారు. ఎవరో కొండ అంచున వెనక్కి నడుస్తూ ఫోటో తీసుకుని అలాగే జారిపోయాడట. ఇంకెవరో గ్యాసు కారుతోందో లేదో చూద్దామని అగ్గిపుల్ల గీశాడట. "ఇంత తెలివితక్కువగ ఎవడన్న చస్తడారా?" అని ఒకడు రెండోవాణ్ణి అడిగాడు. నన్ను అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. అడగకుండా చెప్పే ముసలివాళ్ళను చూస్తే పిల్లలు చెవుల్లో ఏవో పెట్టేసుకుంటారు. అడిగి ఉంటే మాత్రం, చస్తారు నాయనా, మా ఇంట్లోనే ఒకరు చచ్చారు, ఇప్పుడు మనం దాటిన అపార్ట్‌మెంట్ల కిందే, అని చెప్పేదాన్ని.

అప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు లేవు. జొన్నచేలు ఉండేవి. చేల అంచున రైలుకట్ట, కట్టకు ఇవతల మా వీధి. పొద్దున్నే బొగ్గుపొగ వాసన, దాని మీద పేడనీళ్ళ కళ్ళాపి వాసన, ఆ రెంటి మీదా జొన్నరొట్టె మాడిన వాసన వచ్చేవి. లష్కర్ నుంచి, అంటే సికింద్రాబాద్ నుంచి, వచ్చిన చుట్టాలు మా ఊరిని పల్లె అనేవాళ్ళు. మేము మాత్రం పట్నంవాళ్ళమనే అనుకునేవాళ్ళం, పెరట్లో నిలబడితే రైలు కనిపిస్తుంది కాబట్టి.

ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న తమ్ముడైన మా కాక, నేను, చంకలో తమ్ముడు. నాన్నది రైల్వేలో పని. డ్యూటీ మీద వరంగల్ వైపు వెళ్ళాడు, ఇంతలో హిందుస్థాన్ ఫౌజు హైదరాబాద్ మీదికి వస్తోందన్నారు, రైళ్ళు ఆగిపోయాయి, ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. దాంతో ఇంటికి మగదిక్కు మా కాక అయ్యాడు. ఆ సంగతి ఆయన మాకు రోజూ గుర్తుచేసేవాడు.

గోడకు అవతలి ఇల్లు సాయిబు మామది. దూదేకులవాళ్ళు. తరతరాలుగా వాళ్ళింట్లో తెలుగే. ఉర్దూ ఆయన కంటే నాకే బాగా వచ్చు, నేను బడిలో దెబ్బలు తిని నేర్చుకున్నాను కాబట్టి. ఆయన విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే పొద్దస్తమానం తంబూరా తీగ తెగినట్టు ఒకటే మోత. దూదిపోగులు గోడ దాటి వచ్చి మా పప్పులో పడేవి. సగం దూది గాలిలో పోతే, మిగతా సగం ఆయన ఊపిరితిత్తుల్లో ఉందని నాయనమ్మ లెక్క. అంత దగ్గు. ప్రతి వానాకాలం చివర మా వీధి మొత్తం ఒకే మాట అనుకునేది, పాపం ఈ చలికాలం దాటడు అని. ఆయన దాటేవాడు. హిందుస్థాన్ ఫౌజును ఆపుతామని ఖాకీ బట్టల్లో కవాతు చేసే కుర్రాళ్ళు ఒకసారి వచ్చి, నువ్వూ మాతో రావాలి అన్నారు. మామ జవాబు చెప్పబోయి దగ్గడం షురూ చేశాడు. దగ్గు ఎప్పుడు ఆగుతుందా అని కాసేపు చూసి, విసుగొచ్చి వెళ్ళిపోయారు.

ఇక మా కాక. పెద్ద యుద్ధం రోజుల్లో ఆయన లష్కర్‌లో ఎవరి దగ్గరో విమానాల దాడికి జాగ్రత్తలు నేర్చుకుని, మెడలో ఈల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ఆ యుద్ధంలో లష్కర్ మీద ఒక్క బాంబూ పడలేదు. ఆ దిగులు ఆయనకు లోపల ఉండిపోయింది. ఇన్నేళ్ళకు మళ్ళీ అవకాశం దొరికింది.

మొదటి పని, కిటికీలకు మైదాపిండి ఉడికించిన జిగురుతో కాగితాలు అతికించాడు, వెలుగు బయటికి కనబడకుండా. మామ వాళ్ళ మేక వచ్చి జిగురుతో సహా కాగితాలు తినేసి వెళ్ళింది. మళ్ళీ అతికించాడు. మేక మళ్ళీ వచ్చింది. "సాయిబూ, నీ మేకకు చెప్పుకో, ఇది యుద్ధం" అన్నాడు కాక గోడ మీది నుంచి. "చెప్పిన పటేలా, ఇంటలేదు. దానికి ఉర్దూల చెప్పాల్నేమో, నాకు రాదాయె" అన్నాడు మామ.

రెండో పని, మక్క కంకులు కాల్చడం బంద్. పొగ కనబడితే విమానంలోవాడు బాంబు వేస్తాడట. లేత కంకుల రోజులు అవి. బొగ్గుల మీద గింజ చిట్లే వాసనకు ముక్కు ఎక్కడున్నా తిరిగేది. కాక వీధి వీధంతా తిరిగి ఈల ఊదుతూ, ఎవరి చేతిలో కాలిన కంకి కనబడితే అది గుంజుకునేవాడు. గుంజుకున్న కంకులు ఏమయ్యేవో మాకు తెలుసు. ఆయన మీసాలకు ఉప్పూ కారం అంటి ఉండేది. నేనూ మామ కూతురూ పశువుల కొట్టంలో దాక్కుని, పేడ పిడకల మీద కాల్చుకుని, పొగను చాటలతో విసిరి కొట్టంలోనే తిప్పేవాళ్ళం. బర్రె కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునేది గానీ ఎవరికీ చెప్పేది కాదు.

నాకు ఆ రోజుల్లో ఒకటే విద్య. కాక నడక నడిచేదాన్ని, కాక గొంతుతో మాట్లాడేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, ప్రతి మాటకూ ముందు ఒకసారి గొంతు సవరించుకుని. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. నాయనమ్మ చూస్తే వీపు మీద ఒకటి పడేది. "ఇంటి మొగోన్ని గిట్ల ఎక్కిరిస్తరా" అనేది, అని అటు తిరిగి తనూ నవ్వేది.

దాక్కోవడానికి కాక పెరట్లో కందకం తవ్వించాడు. వానకు నిండి అందులో కప్పలు చేరాయి. అప్పుడు ఆయనకు పాతర గుర్తొచ్చింది.

పాతర అంటే భూమిలో జొన్నలు దాచే గొయ్యి. పైన మనిషి దిగేంత మూతి, లోపల గది అంత కడుపు. గోడల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, రాయి మూసి, మట్టితో మెత్తుతారు. ఆ ఏడు మాది దాదాపు ఖాళీ. అడుగున మిగిలిన జొన్నలు వాన నీరు దిగి మురిగాయి. పాతర తెరిచిన రోజే ఎవరూ లోపలికి దిగరు. ఒక పూటంతా మూతి తెరిచి వదిలేసి, ఆ తరువాత తాడుకు కందిలి కట్టి దించుతారు. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగుతాడు, ఆరిపోతే ఇంకో పూట ఆగుతాడు. ఇది మా వైపు చంటిపిల్లకు కూడా తెలుసు. లోపల దయ్యం ఉండి దీపం ఊదేస్తుందని మాకు చెప్పేవాళ్ళు. దయ్యం కాదు, మురిగిన జొన్నలు గాలిని విషం చేస్తాయని తరువాత ఎప్పుడో చదువుకున్నాను. ఊపిరి తీసే విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆ పొద్దున దూరంగా విమానం మోత వినబడింది. కాక ఈల ఊదాడు. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు కుండలో చెంబెడు నీళ్ళు, పొయ్యిలో ఇంకో చెంబెడు పోసి, అందరినీ పెరట్లోకి తరిమాడు. గోడ మీది నుంచి సాయిబు మామ ఇంటిల్లిపాదినీ పిలిచాడు. ఆ మాట చెప్పుకోవాలి, మా కాకకు బుద్ధి తక్కువేమో గానీ మనసు తక్కువ కాదు. మామ, అత్త, వాళ్ళ కూతురు వచ్చారు. మేక పిలవకుండానే వచ్చింది. కాక అప్పటికప్పుడు రాయి తొలగించి, నిచ్చెన దించాడు.

"ఓరయ్యా, ముందుగాల కందిలి దించి చూడు" అంది నాయనమ్మ.

"మీద విమానం తిరుగుతుంటె దీపం ముట్టిస్తరా? సోయి ఉన్నదా నీకు?"

"పట్టపగలు రా."

"రూలంటే రూలే. పగలు వేరే, రాత్రి వేరే అని రూల్ల రాయలె."

"దీపం భూమిలకు పోతది గద బిడ్డా. మీదున్నోనికి ఎట్ల కనపడుతది?"

"వాళ్ళ తాన దుర్బీన్లుంటయి. నీకు తెల్వదు, ఊకో."

అంత ఎత్తున ఎగిరే మనిషి దుర్బీను పెట్టుకుని మల్కాజ్‌గిరిలో మా జొన్న పాతరలోకి తొంగి చూస్తాడని కాక నిజంగా నమ్మాడు. వీధిలో ఇంకెవరూ ఆయనకు అంత గౌరవం ఇవ్వలేదు, విమానమైనా ఇస్తుందనుకున్నాడేమో.

ఇక దిగడమే. ఎవరు ముందు అన్నదగ్గర ఆగింది. "పిల్లలు ముందు" అన్నాడు కాక. నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. నాయనమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "ఇంటికొచ్చినోళ్ళను నిలబెట్టి మనం దిగుతమా? ముందు వాళ్ళ బిడ్డ దిగాలె" అంది. "అయ్యో పెద్దమ్మా, పాతర మీది. మీ పిల్లలు దిగినంకనే మేము" అంది అత్త. "గట్లెట్ల, మీరు మా ఇంటికి వచ్చినోళ్ళు." "గోడ అవతలనే గద, మేమేం సుట్టాలమా?" "అంటే పరాయోళ్ళమా మేము?" విమానం మోత దగ్గరికొస్తోంది. ఆడవాళ్ళిద్దరూ ఒకరి పిల్లను ఒకరు ముందుకు తోసుకుంటున్నారు. మర్యాదలో ఎవరూ తగ్గడం లేదు. ఆ మర్యాద ఇంకాస్త తక్కువైతే ఈ కథ రాయడానికి నేను లేను. మామ కూతురూ ఉండేది కాదు.

కాకకు ఓపిక చచ్చింది. "మీ మర్యాదలు పాడుగాను, నేను దిగి చూపెడ్త" అని గబగబా దిగిపోయాడు. లోపలి నుంచి గొంతు వచ్చింది. "చల్లగున్నది. జెర పుల్లగ వాసనొస్తుంది గని, ఏం గాదు. రాండ్రి."

తరువాత ఏదో బస్తా మెత్తగా కూలబడిన చప్పుడు.

విమానం మా మీది నుంచి పోయింది. బాంబు కాదు కదా, కాగితం ముక్క కూడా వెయ్యలేదు. "కాకా, లోపల బాంబు ఉన్నదా, పైన లేదు" అని నేను పాతరలోకి అరిచాను. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా లోపలి నుంచి తిట్టు రాలేదు. నేను ఎగతాళి చేస్తే కాక తిట్టకపోవడం అంతకు ముందెన్నడూ జరగలేదు.

అమ్మ కాకను పేరు పెట్టి పిలిచింది. నాయనమ్మ పిలిచింది. అంతలో సాయిబు మామ నిచ్చెన మీద ఉన్నాడు. కాక ఎందుకు పలకడం లేదో తెలిసీ దిగుతున్నాడు. తెలివి విషయంలో ఆ రోజు మా పెరట్లో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. నాయనమ్మ ఒక్క ఉదుటున బావి చేదతాడు తెచ్చి ఆయన నడుముకు బిగించింది. "తాడెందుకు పెద్దమ్మా, టైము లేదు" అంటుంటే, "ఊకో" అని ముడి వేసింది. ఆయన తల చీకట్లోకి పోయింది. "దొరికిండు, రెక్క దొరికింది" అన్న మాట వినబడింది. ఆ తరువాత తాడు బరువెక్కింది.

లాగాం. నాయనమ్మ, అమ్మ, అత్త, మేమిద్దరం ఆడపిల్లలం. తాడు మూతి అంచున ఒరుసుకుంటూ పైకొచ్చింది. చివర మామ ఒక్కడే ఉన్నాడు. కాక చొక్కా చేతి ముక్క ఆయన పిడికిట్లో ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. ఛాతీ కదలడం లేదు. అత్త మొహం మీద నీళ్ళు కొట్టింది, నాయనమ్మ వీపు మీద గుద్దింది. ఎన్నేళ్ళుగానో ఆ మనిషి దగ్గు ఆగితే బాగుండునని విసుక్కున్న వాళ్ళం, అందరం నోళ్ళు తెరుచుకుని దగ్గు కోసం ఎదురు చూశాం. ఎంతసేపో తెలియదు.

దగ్గాడు. పేగులు బయటికొచ్చేలా దగ్గాడు. అంత అందమైన చప్పుడు నేను ఆ తరువాత వినలేదు. సగం ఊపిరి కూడా సరిగా ఆడని మనిషి బతికి బయటపడ్డాడు, గుండ్రాయిలాంటి మా కాక లోపల ఉండిపోయాడు. ఎందుకలా అని నన్ను అడగకండి. మామ ఊపిరితిత్తులకు తక్కువ గాలితో సంసారం చేయడం అలవాటేమోనని నాయనమ్మ తరువాత అనేది. అంతకంటే మంచి కారణం ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

వీధివాళ్ళు వచ్చి, మూతి పగలగొట్టి, గొంగడిని కిందికీ మీదికీ ఆడిస్తూ చాలాసేపు గాలి తిప్పి, కాకను తీశారు. సాయంత్రానికి దహనం అయిపోయింది. మరునాడు పొద్దుగూకే వేళ రేడియో ఉన్నవాళ్ళ ఇంటి నుంచి కబురు వచ్చింది. హైదరాబాద్ సర్కారు లొంగిపోయింది, యుద్ధం అయిపోయింది. మా వీధిలో ఆ యుద్ధానికి పోయిన ప్రాణం ఒక్కటే, అది కూడా జొన్నలకు.

తెల్లారేసరికి కథ మారిపోయింది. మా గడప ముందు కట్టెలు పట్టుకుని జనం. ముందు నిలబడ్డది వీధి చివరి ఇంటాయన, కచేరీలో గుమాస్తా. మొన్నటిదాకా సర్కారు కొలువుకు గుర్తైన ఎర్ర రూమీ టోపీ లేకుండా గడప దాటేవాడు కాదు. ఆ పొద్దున ఖద్దరు తెల్లటోపీ పెట్టుకున్నాడు. తల మాత్రం అదే.

"అవ్వా, నీ కొడుకు ఊకెనే పోలే. దేశం కోసం పోయిండు" అన్నాడు. "ఆ సాయిబు పాతరలకు తోసిండని అందరికి ఎరికైంది. చౌరస్తల రాయి పాతుతం, నీ కొడుకు పేరు చెక్కిపిస్తం. నువ్వు అవునని ఒక్క మాట అను, మిగిలింది మేం చూసుకుంటం."

మిగిలింది అంటే ఏమిటో వాళ్ళ చేతుల్లో ఉంది. గోడ అవతల మామ లేచి నిలబడలేని స్థితిలో మంచం మీద ఉన్నాడు. తలుపు లోపలి గడియ వేసి అత్త దానికి వీపు ఆనించి కూర్చుంది. ఆ గడియ నేను ఒంటిచేత్తో ఊడదీయగలను.

"తోసినప్పుడు చూసినోళ్ళెవలు?" అంది నాయనమ్మ.

"అందరనుకుంటున్నరు."

"అందరు మా పెరట్ల ఉండిరా? నేనుంటి. దీపం వద్దని వాడే దిగిండు."

"కొడుకు పోయిన దుఃఖంల నీకు సోయి లేదవ్వా. భయపడకు, ఇప్పుడు రాజ్యం మనది."

వెనక ఎవరో కట్టె నేలకేసి కొట్టారు. ఇద్దరు ముగ్గురు మామ గడప వైపు కదిలారు. నాయనమ్మ వాళ్ళను చూసింది. తరువాత నన్ను చూసింది.

"ఇటు రావే. నేను చెప్తె ఇంటలేరు. మీ కాక ఎట్లన్నడో నువ్వు చెయ్యి."

నాకు అర్థం కాలేదు. "చెయ్యి. నువ్వు రోజు చేస్తవు గద" అంది.

అరుగెక్కాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. గడ్డం పైకెత్తి, గొంతు సవరించుకున్నాను. "సాయిబూ, నీ మేకకు చెప్పుకో, ఇది యుద్ధం" అన్నాను. ఎవరూ కదల్లేదు. గొంతు మాత్రం కాకదే వస్తోంది. కాగితాలు అతికించాను, మేకను తరిమాను, కంకి గుంజుకుని, అటు తిరిగి, మీసం తుడుచుకున్నాను. వెనక వరుసలో ఒకాయన ముక్కుతో నవ్వాడు. "అవునుల్లా, నావి సుత గుంజుకపోయిండు. ఉడుకుడుకు కంకులు" అన్నాడు. "మా పొయ్యిల నీళ్ళు పోసిండు" అన్నాడు ఇంకొకాయన. "మా ముసలమ్మ చుట్ట ఆర్పిచ్చిండు, విమానానికి కనపడుతదని." నవ్వు ఒక్కొక్కరికీ అంటుకుంటోంది. అప్పుడు పాతర దగ్గరికి వచ్చాను. "రూలంటే రూలే. పగలు వేరే, రాత్రి వేరే అని రూల్ల రాయలె" అన్నాను. ఆ మాట కాక తప్ప భూమ్మీద ఇంకెవరూ అనరని మా వీధి మొత్తానికి తెలుసు. కట్టెలు పట్టుకున్న చేతులు పొట్టలు పట్టుకున్నాయి. మామ గడప దాకా పోయినవాడు కూడా వెనక్కి వచ్చి, ఏందీ, మళ్ళ చెప్పు అన్నాడు.

తెల్లటోపీ ఒక్కడే నవ్వలేదు. "అవ్వా, ఇది నవ్వే ముచ్చటనా?"

"నవ్వుర్రి" అంది నాయనమ్మ. "నా కొడుకుకు తెలివి తక్కువ. ఒకడు తోసే అవసరం వానికెన్నడు పడలే."

నవ్విన నోటితో ఇల్లు తగలబెట్టడం కష్టం. కాసేపు అక్కడే తచ్చాడి, కాక కథలు ఇంకొన్ని చెప్పుకుని, పాపం మంచోడే గని, అనుకుంటూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

చౌరస్తాలో రాయి పాతారు. అందులో మా కాక పేరు లేదు. ఆయన చావు మా వైపు ఏళ్ళ తరబడి నవ్వుకునే ముచ్చటగా తిరిగింది, పెళ్ళిళ్ళలో, రైలు కోసం ఎదురుచూసే చోట. సాయిబు మామ ఎన్నో చలికాలాలు దాటాడు. "ఒక్క వారంల రెండుమార్లు సావు తప్పింది, ఇగ దగ్గు నన్నేం చేస్తది" అనేవాడు. నా పిల్లల పెళ్ళిళ్ళకు పరుపులు ఆయన ఏకిన దూదితోనే కుట్టించాం. నేను కూడా ఆ తరువాత చాలామందిని నవ్వించాను. ఏడవవలసిన చోట నవ్విస్తానని ఇంట్లోవాళ్ళు నా మీద ఫిర్యాదు చేస్తారు. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

కట్టెలవాళ్ళు వచ్చిపోయిన ఆ సాయంత్రం మా పొయ్యి వెలగలేదు, మైల కదా. గోడ మీది నుంచి అత్త అంబలి కుండ అందించింది. వాళ్ళ చేతిది అంతకు ముందెన్నడూ ముట్టని నాయనమ్మ గ్లాసు నోటికెత్తి, ఉప్పు తక్కువైందని వంక పెట్టి, మొత్తం తాగింది. అమ్మ తమ్ముణ్ణి నిద్రపుచ్చుతోంది. నాయనమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని నన్ను పిలిచింది.

"పొద్దున చేసినవు గద. ఇంకోపారి చెయ్యి."

"ఎవరూ లేరు గద నాయనమ్మా."

"నేనున్న గద. చెయ్యి."

లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాను. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, దూరం నుంచి వచ్చే మాట వింటున్నట్టు విన్నది.

"మెల్లగ" అంది. "వాడు గింత జల్ది మాట్లాడడు."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, మెల్లగా.